ఒంటి వేడి, నూలు పోగు

అందరికీ నమస్కారం. ముందు వరసలో అమ్మలు రాట్నాల దగ్గర నుంచి లేచి వచ్చారు, ఎక్కువసేపు కూర్చోబెట్టను. వాలుగ చేప దవడతో పత్తి దువ్వే పొందూరుకొచ్చి, ఒంటి వేడితో కరెంటు పుట్టించే పోగు గురించి మాట్లాడటం నాలాంటి ఫిజిక్సు మేష్టారికి సాహసమే.

ఈ బల్ల మీద చూడండి. రాగి తీగ ఒకటి, సెంట్రింగు పనిలో కట్టే ఇనుప బైండింగ్ వైరు ఒకటి. రెండు కొసలా మెలిపెట్టి, రాగిని మధ్యలో తెంపి మీటరుకు తగిలించాను. ఒక ముడి వేడి టీలో, రెండోది కుండ నీళ్లలో. మీటరు అర మిల్లీవోల్టు అటూ ఇటూ చూపిస్తోంది. ఇప్పుడు రెండు ముళ్లూ టీలోనే ముంచుతున్నా. సున్నా! కరెంటు పుట్టించేది వేడి కాదు, వేడిలో తేడా. 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త ఇలాగే రెండు లోహాలు కలిపి, ఒక ముడి వేడిచేస్తే దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. అదంతా అయస్కాంత మహిమే అనుకున్నాడు పాపం. అయినా పేరు ఆయనకే దక్కింది.

టీ గ్లాసు బదులు మన ఒళ్లు అనుకోండి. చర్మం మీద 33 డిగ్రీలు, పుష్యమాసం తెల్లవారుజామున బయట 18. తేడా బాగానే ఉంది కానీ గుడ్డ పలచన. గుడ్డ లోపలి ముఖానికీ పై ముఖానికీ మధ్య మిగిలేది ఒకటి రెండు డిగ్రీలే. ఈ పనికి వాడే బిస్మత్ టెల్యురైడ్ అనే పదార్థంలో రెండు రకాలు కలిపిన జత ఒక్కోటి డిగ్రీకి సుమారు 400 మైక్రోవోల్టులిస్తుంది. రెండు డిగ్రీల తేడాకు 50 జతలు వరసగా కలిపితే 40 మిల్లీవోల్టులు. 20 మిల్లీవోల్టుల నుంచే అందుకుని వోల్టేజీ పెంచే ఎలక్ట్రానిక్ చిప్‌లున్నాయి కాబట్టి చిన్న సెన్సరు బతికేస్తుంది. 1998లో సీకో గడియారాల కంపెనీ మణికట్టు వేడితో నడిచే వాచీ అమ్మింది కూడా. ఫోను ఛార్జవుతుందా అని మాత్రం అడగకండి.

చిక్కల్లా సాగడంలోనే. బిస్మత్ టెల్యురైడ్ సుద్దముక్కలా పుటుక్కున విరుగుతుంది. అందుకని సాగే రబ్బరు పోగు మీద కార్బన్ నానోట్యూబు (అతి సన్నని కార్బన్ గొట్టాల) పోగు చుట్టి, కొంతమేర ఒక రకం పూత, కొంతమేర రెండో రకం పూస్తున్నారు. రెండు పూతలు కలిసే చోటే మన ముడి. నేత బిగువు, సాగదు. స్వెటర్ అల్లిక కన్నులు సాగి వెనక్కొస్తాయి, మందమూ ఉంటుంది. పూత ఏ కన్ను దగ్గర మారాలో లెక్క తప్పిందా, ముళ్లన్నీ ఒకే వైపు పడతాయి. రెండూ టీలో ముంచినట్టే.

కరెంటు కొంచెమైనా ఆ వోల్టేజే ఒక కబురు. మాస్కులో పెడితే ఊపిరి వదిలినప్పుడు లేస్తుంది, పీల్చినప్పుడు దిగుతుంది. పోగు సాగితే మారేది నిరోధం, అంటే కరెంటుకు తగిలే అడ్డు; వోల్టేజీ మాత్రం వేడి తేడాను బట్టే. అంటే మోకాలి వంపునూ చర్మం వేడినీ ఒకే పోగు విడివిడిగా చెప్పగలదు.

ఇక మన ఎండలు. మే నెల మధ్యాహ్నం గాలి చర్మమంత వేడెక్కిన వేళ, జీడితోటలో పనిచేసే మనిషికి ఇది అసలు కావాల్సిన గంటలో, ఈ గుడ్డ సున్నా చూపిస్తుంది. గాలి ఇంకా కాగితే కరెంటు ఎదురు తిరుగుతుంది. చెమట ఆరి పై ముఖం చల్లబడితే కొంత తేడా వస్తుంది గానీ, ఆ ఉప్పునీరే ముళ్లను కలిపేసి వోల్టేజీని మింగేస్తుంది. చలిగదుల్లో తీసిన అంకెలు చూసి మురిసిపోయే మా పిల్లలతో, మేలో ఓసారి తొడుక్కుని చూడండర్రా అంటుంటాను.

మొన్న ఇక్కడే ఒక అమ్మకు నమూనా పోగు చూపించాను. వేళ్ల మధ్య తిప్పి, "మెలి చాల్లేదు బాబూ, ఉతికితే ఇడిపోతాది" అన్నారు. ఇంటికెళ్లి బకెట్లో నానేశాను. తెల్లారేసరికి పూత సగం నీళ్లలో ఉంది. ఇదిగో, ఇంకో పోగు తెచ్చాను. మెలి పెంచాం. చేతులు మార్చుకుంటూ చూసి చెప్పండి.