ఆ మ్యాప్ మీరే తెరిచి చూడండి

అందరికీ నమస్కారం, ఉగాది శుభాకాంక్షలు. పిల్లల డ్యాన్సులకు ఇంకా పది నిమిషాలుంది, ఈలోగా కాలిఫోర్నియాలోని మన డేవిస్ ఊరి చరిత్ర నాలుగు ముక్కలు చెప్పమన్నారు.

ఈ నేల మొదట పాట్విన్ అనే ఆదివాసులది. 1868లో రైలొచ్చింది, స్టేషన్ చుట్టూ ఊరు పుట్టింది. ఇక్కడ పెద్ద భూస్వామి జెరోమ్ డేవిస్ పేరు మీద డేవిస్‌విల్ అన్నారు. 1908లో 'యూనివర్సిటీ ఫామ్' మొదలైంది. పాడి, పంటా నేర్పే బడి అది. అదే ఇవాళ్టి మన యూనివర్సిటీ.

ఇంకాస్త వెనక్కి, 1862కి వెళ్దాం. అధ్యక్షుడు లింకన్ ఆ మే నెలలో అమెరికా వ్యవసాయ శాఖ పెట్టాడు, జులైలో వ్యవసాయ కాలేజీలకు భూములిచ్చే చట్టం మీద సంతకం చేశాడు. ఆ శాఖే ఇవాళ పల్లెల్లో బ్యాంకులిచ్చే ఇంటి లోన్లకు గ్యారంటీ ఇస్తోంది. చరిత్ర చెప్పమంటే లోన్ల గురించి చెప్తోందేమిటి అనుకోకండి. ఈ మాట నా గుండెల్లో చాలా ఏళ్ళుగా ఉంది.

గ్రీన్‌కార్డు వచ్చిన కొత్తలో, ఇక్కడికి అరగంట దూరంలో ఒక ఇల్లు చూశాం. పెరట్లో అంజూరపు చెట్టు. డౌన్ పేమెంట్‌కు డబ్బు లేదు. ఈ లోన్ సంగతి ఎవరో చెబితే ఒక లోన్ ఆఫీసుకు వెళ్ళాం. అక్కడాయన మా ఫైలు తెరవనేలేదు. పెన్ను క్యాప్ పెట్టేసి, "అది రైతులకండీ" అన్నాడు. మా ఆయన ఫైలు చంకలో పెట్టుకుని లేచాడు. నేనూ లేచాను. ఇంకో ఆరేళ్ళు అద్దె కట్టాం.

ఆ మాట తప్పండీ! రైతు కానక్కర్లేదు. అసలు ఆదాయం తీసే పొలం కొనడానికి ఈ లోన్ ఇవ్వరు. మీరుండే ఇంటికే ఇస్తారు, డౌన్ పేమెంట్ లేకుండా. ఊరు చిన్నదై ఉండాలి, ఎంత వెసులుబాటు ఇచ్చినా జనాభా 35,000 దాటకూడదు. 2020 లెక్కల్లో మన డేవిస్ 66 వేలు దాటింది. యూనివర్సిటీ ఫామ్ పెట్టిన ఊరే ఇవాళ పల్లె లెక్కలోకి రాదు! ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి 115 శాతం మించకూడదు. ఇక్కడ జాగ్రత్త: లోన్‌లో పేరు లేకపోయినా, ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరి సంపాదనా లెక్కిస్తారు. అత్తమామలు, తమ్ముడు, అందరిదీ. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు రాదు. గ్రీన్‌కార్డు ఉంటే అడగొచ్చు.

నాకు ఎందుకింత బాధంటే, ఇదే కాలిఫోర్నియాలో 1913 చట్టం పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుల్ని సాగుభూమి కొననివ్వలేదు. 1923లో, పౌరసత్వం కోరిన భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు మన భారతీయులకు ఆ అర్హత లేదంది. 1946 దాకా ఆ తలుపు మూసే ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి "మీకు కాదు" అంటే అప్పట్లో చట్టమే అలా ఉంది. మా రోజున చట్టం అలా లేదు. మేమే అడగకుండా లేచొచ్చాం.

వెనకాల కూర్చున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీకే చెప్తున్నా. వ్యవసాయ శాఖ మ్యాప్‌లో అడ్రస్ కొడితే ఆ ఇల్లు పల్లె లెక్కలోకి వచ్చే గీత లోపలుందో బయటుందో తెలుస్తుంది. ఒక ఆఫీసులో కాదంటే ఇంకో ఆఫీసులో అడగండి, ఎందుకు కాదో కాగితం మీద రాసిమ్మనండి.

పిల్లలు రెడీ అయినట్టున్నారు, ఆపేస్తాను. భోజనాల దగ్గర నా ల్యాప్‌టాప్ తెరిచే ఉంటుంది. మీరు చూసిన ఇంటి అడ్రస్ పట్టుకుని రండి, కలిసి కొట్టి చూద్దాం.