లేయర్లు వంద ఉన్నా ఆ డ్రాయింగ్ పనికిరాదు!

కంప్యూటర్లో ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ వాడేవాళ్ళ మధ్య మళ్ళీ అదే గొడవ. గోడలు, తలుపులు ఇలా ఒక్కో రకాన్ని విడిగా పెట్టే పొరలు, అంటే లేయర్లు, పది చాలని ఒకరు, వంద ఉండాల్సిందేనని ఇంకొకరు. అసలు దొంగని వదిలేసి కొట్టుకుంటున్నారండీ! గీతని ఎంచుకుని, ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, చేత్తో రంగు మారుస్తున్నారే... డ్రాయింగ్ చెడేది అక్కడే.

గోడల లేయర్ ఎరుపు. అందులో నాలుగు గీతలకి ఎవరో పచ్చ రంగు పెట్టారు. ఇప్పుడు లేయర్ రంగు మార్చి చూడండి. అన్నీ మారతాయి, ఆ నాలుగూ మారవు. ఇక సీటీబీతో, అంటే రంగుని బట్టి ప్రింట్ తీరు నిర్ణయించే ఫైల్‌తో, ప్రింట్ ఇచ్చారంటే ఘోరం. అక్కడ గీత మందం చెప్పేది రంగే! మందంగా రావాల్సిన గోడ కొలత గీతలా సన్నగా వస్తుంది.

‘మేం ఏఐఏ (అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ) పద్ధతిలో ఏ-వాల్, ఏ-డోర్ అని పేర్లు పెట్టాం’ అంటారు. మంచిదే. లేయర్ల పేర్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13567 ప్రకారం పెట్టినా మంచిదే. కానీ లోపల ఏ గీత రంగు దానిదైతే ఆ పేరుతో ఏం లాభం? రంగు బైలేయర్‌లో ఉండాలి, అంటే గీత తన లేయర్ రంగే తీసుకోవాలి, అంతే. వేరే రంగు కావాలనిపించిందా? అయితే అది వేరే రకం వస్తువన్నమాట, దానికో లేయర్ తెరవండి. ఎన్ని లేయర్లు కావాలో అప్పుడు డ్రాయింగే చెబుతుంది.

ఒకసారి గీసి మళ్ళీ మళ్ళీ వాడుకునే బొమ్మలు, అంటే బ్లాకుల్లోనూ ఇదే రోగం. తలుపుని ప్రతి డ్రాయింగ్‌లోనూ ముందే ఉండే లేయర్ 0 మీద బైలేయర్‌తో గీసి బ్లాక్ చేస్తే, ఏ లేయర్‌లో ఇన్సర్ట్ చేస్తే ఆ రంగు తీసుకుంటుంది. ఎంత అందమైన ఏర్పాటు! లోపల ఎరుపు అని చేత్తో పెట్టారా, ఎక్కడ పెట్టినా ఎరుపే.

  

చేత్తో రంగు మార్చే ఈ అలవాటు ఎక్కడ పుట్టిందంటారా? నేర్పేవాళ్ళ దగ్గరే! గీత గీయగానే రంగు మార్చడం చూపిస్తారు, లేయర్ సంగతి ఎప్పుడో తర్వాత చెబుతారు. చెయ్యి అలాగే అలవాటు పడిపోతుంది.

ఇప్పుడే మీ డ్రాయింగ్‌కి ఒక కాపీ తీసి తెరవండి. లేయర్లకి పెట్టిన ఫ్రీజ్ (దాచడం), లాక్ (మార్చకుండా ఆపడం) అన్నీ తీసేసి, మొత్తం ఎంచుకోవడానికి కంట్రోల్ ఏ కొట్టండి. ప్రాపర్టీస్‌లో కలర్ దగ్గర బైలేయర్ అని ఉంటే శభాష్! వేరీస్ (రకరకాలు) అని ఉంటే, రంగుల్ని బైలేయర్‌కి మార్చే సెట్‌బైలేయర్ కమాండ్ ఇవ్వండి. మీకేం కనిపించిందో కామెంట్లో పెట్టండి, చూస్తాను.