బాగుపడిన వీధిని ఫోటో ఎలా తీయాలి? పక్కన కవిత ఏం చెప్పాలి?

[దృశ్యం: విజయవాడ సింగ్‌నగర్‌లో ఒక వీధి. ఆటోలు, టిఫిన్ బండి, మేడ మీద ఆరేసిన బట్టలు.]

నమస్కారం. 2024 సెప్టెంబర్ మొదటి వారంలో ఈ వీధుల్లో పడవలు తిరిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారింది. నదే నిండుగా ఉంటే బుడమేరు వాగు నీళ్ళు అందులోకి ఎలా వెళ్తాయి? ఆ నీళ్ళని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ ఛానల్ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది.

ఆ వారం ఫోటోలు అందరి ఫోన్లలో ఉన్నాయి. వీధి మళ్ళీ లేచి నిలబడ్డ ఫోటోలు మాత్రం చాలా తక్కువ. నాకు అసలు కథ అక్కడే ఉందనిపిస్తుంది.

[దృశ్యం: గోడ, దగ్గరగా. నడుము ఎత్తు దాకా కొత్త రంగు, పైన వెలిసిన పాత రంగు.]

ఈ గోడ చూడండి. డబ్బు ఎంతవరకు సరిపోయిందో అంతవరకే రంగు పడింది. వీధి మొత్తం తీసిన ఫోటో కంటే ఈ ఒక్క గోడే ఎక్కువ చెబుతుంది.

పాత ఫోటో ఉంటే ఇంకా మంచిది. దాంట్లో ముందు ఒక కరెంటు స్తంభం, వెనక ఒక కిటికీ వెతకండి. స్తంభం కిటికీని ఎంతవరకు కప్పిందో చూసుకుని, అంతే కప్పేదాకా పక్కకు జరగండి. పాత ఫోటో తీసిన మనిషి ఆ వరుసలోనే ఎక్కడో నిలబడ్డారు. ఇలాంటి జత ఇంకొకటి కూడా కలిస్తే, నిలబడ్డ చోటు దాదాపు అదే. ఒక్క అడుగు తప్పినా తేడా కనిపిస్తుంది. జూమ్ చేయకండి, అదే వేళకి వెళ్ళండి.

[దృశ్యం: జపాన్ మ్యాప్, తూర్పు తీరం.]

కొన్ని ఊళ్ళలో ఆ అవకాశం కూడా ఉండదు. 2011 మార్చి 11 సునామీ రికుజెంతకాత అనే పట్టణాన్ని తుడిచిపెట్టింది. ఫోటోగ్రాఫర్ హతకేయమ నవోయా సొంత ఊరు అది, ఆయన తల్లి కూడా అందులోనే పోయారు. అంతకు ముందు ఆయన ఏ ఉద్దేశమూ లేకుండా తీసుకున్న ఊరి ఫోటోలే తర్వాత విలువైనవయ్యాయి. పట్టణాన్ని మళ్ళీ కట్టడానికి కొండ తవ్వి, కన్వేయర్ బెల్టుల మీద మట్టి తెచ్చి, నేలని దాదాపు 10 మీటర్లు ఎత్తు చేశారు. పాత వీధి ఆ మట్టి కింద ఉంది. కెమెరా పట్టుకుని అక్కడ నిలబడటం ఇక ఎవరి వల్లా కాదు.

కవిత అవసరం అక్కడ మొదలవుతుంది. ఫోటోలో ఉన్నదాన్నే కవిత మళ్ళీ వర్ణిస్తే రెండూ నీరసపడతాయి. గోడ సంగతి ఫోటోకి వదిలేసి, ఆ గోడ వెనక మనిషి ఏం చేస్తోందో రాయండి. నేను రాసిన చిన్నది ఒకటి:

[దృశ్యం: కొత్తగా సున్నం వేసిన వంటగది. పై అరలు ఫ్రేములో రావు.]

ఇల్లు కడిగాం, సున్నం వేశాం.
అమ్మ మాత్రం బియ్యం డబ్బా
ఇంకా అటక మీదే పెడుతోంది.
అడిగితే
ఎలుకలంటుంది.

ఫోటోలో అటక కనిపించకూడదు. కనిపిస్తే కవితకి పని ఉండదు.

కవిత కింద కూడా తేదీ వేయండి. ఫుకుషిమా కవి వాగో ర్యోయిచి ఆ విపత్తు మధ్యలోనే, 2011 మార్చి 16 నుంచి, ట్విట్టర్‌లో చిన్న చిన్న పంక్తులు పెడుతూ వచ్చారు. ఏ రోజు రాశారో తెలుసు కాబట్టే ఆ భయం మనకి అందుతుంది.

[దృశ్యం: బుడమేరు కట్ట, కొత్త మట్టి.]

వానాకాలం లోపు మీ వీధి, మీ కాలువ కట్ట తీసి పెట్టండి. తేదీ, నిలబడ్డ చోటు రాసుకోండి. రాజరాజేశ్వరీపేట, పాయకాపురం వాళ్ళ దగ్గర పాత ఫోటోలుంటే కామెంట్లలో చెప్పండి. అదే చోట నిలబడి మళ్ళీ తీయడానికి నేను వస్తాను.