డార్విన్ పుస్తకం చదివాను, అప్పన్న దర్శనానికీ వెళ్తాను | 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' రివ్యూ

నమస్కారమండి. ఇవాళ నా చేతిలో ఉన్నది 1859 నవంబరులో వచ్చిన డార్విన్ పుస్తకం. ఎండాడలో మా మేడ మీద కూర్చుని నెల రోజులు చదివాను.

ఎందుకు చదివానో చెప్తాను. 2019 జనవరిలో సైన్స్ కాంగ్రెస్‌లో, అప్పటి మన ఆంధ్రా యూనివర్సిటీ వీసీగారు జీవులు తరతరాలుగా మారుతూ ఒకదాన్నుంచి ఒకటి వచ్చాయన్న డార్విన్ సిద్ధాంతం కన్నా దశావతారాలే మెరుగన్నారు. చేప, తాబేలు, వరాహం, నరసింహం, ఆ వరుస చూడమని. ఆ రోజుల్లో టీ కొట్టు దగ్గర కూడా ఇదే వాదన. నేను మాత్రం రెండు వైపులా తలూపి వచ్చేశాను. డార్విన్‌ని చదివితే కదా మాట్లాడటానికి!

కోతి మనిషైందన్న మాట ఇందులో ఉంటుందనుకున్నాను. లేదు. మనిషి పుట్టుక గురించి చివర్లో ఒక్క వాక్యం, అంతే. మొదటి అధ్యాయం నిండా పావురాలే. ఆయన స్వయంగా పావురాలు పెంచాడు, లండన్‌లో పెంపకందార్ల క్లబ్బుల్లో చేరాడు. ఇన్ని రకాలూ బండల్లో గూడు కట్టే ఒకే అడవి పావురం నుంచి వచ్చాయనీ, మనుషులు ఎంచి ఎంచి జత కట్టించబట్టే ఇలా విడిపోయాయనీ ఓపిగ్గా చూపిస్తాడు. మనుషులే ఇంత చేస్తే, లెక్కలేనన్ని ఏళ్లలో ప్రకృతి ఎంత చేయగలదని అక్కడి నుంచి లాక్కుపోతాడు.

ఆరో అధ్యాయం కోసమైనా పుస్తకం కొనండి. తన సిద్ధాంతం మీద రాగల అభ్యంతరాలన్నీ తనే రాసుకున్నాడు. కన్ను లాంటిది ఇలా ఏర్పడిందంటే నమ్మశక్యంగా అనిపించదని ఒప్పుకుంటాడు. డార్వినే ఒప్పుకున్నాడు చూడండంటూ వాట్సాప్‌లో తిరిగేది ఆ ముక్కే. వెలుతురును పసిగట్టే మామూలు నరం దగ్గర్నుంచి మెట్టుమెట్టుగా కన్ను ఎలా రాగలదో వెంటనే చెప్పిన భాగాన్ని కత్తిరించేస్తారు. నాకు నిజంగా బాధేసేది అక్కడే. చిన్న చిన్న మార్పులతో రాలేని అవయవం ఒక్కటి నిరూపించినా తన సిద్ధాంతం కూలిపోతుందని కూడా రాశాడాయన.

మేం ఏటా చందనోత్సవానికి సింహాచలం వెళ్తాం. వరాహమూ నరసింహమూ కలిసిన స్వామి. ఆ క్యూలో నిలబడినవాళ్లెవరూ ఏ జీవి నుంచి ఏ జీవి వచ్చిందా అని చూడరు. ప్రహ్లాదుడు పిలిచాడు, స్వామి వచ్చాడు. ఆ నమ్మకాన్ని తెచ్చి, రేపు తప్పని తేలితే వదిలేయాల్సిన సైన్స్ పాఠం పక్కన పెట్టడం నాకు అస్సలు నచ్చదు. అలాగే బయాలజీ క్లాసులో డార్విన్ ఉండి తీరాలి. 2023లో పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి పరిణామం పాఠం పోయినప్పుడు నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

లోపాలున్నాయి. వాక్యాలు చాంతాడంత. నాలుగో అధ్యాయం రెండోసారికి గాని బుర్రకెక్కలేదు. లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో ఆయనకు తెలియదు కాబట్టి, జన్యువుల సంగతి ఇందులో వెతక్కండి.

కొంటే మొదటి ముద్రణ పాఠమే కొనండి. తర్వాతివాటిలో విమర్శలకు జవాబులు చేరి బరువెక్కింది. రెండో ముద్రణలో ఆఖరి వాక్యంలోకి 'సృష్టికర్త' అన్న మాట కూడా తనే చేర్చాడు, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇక ఆ కన్ను పేజీ ఇప్పుడు స్క్రీన్ మీద పెడుతున్నాను. మొత్తం పేజీ, ఎక్కడా కత్తిరించకుండా. వీడియో ఆపి చదవండి.