యూఎస్‌బీ చిప్ కడుపులో ఏముంది? చదివి చూద్దాం | గరాజ్ వ్లాగ్

హాయ్ అండీ, అందరికీ నమస్తే! ఈ వీకెండ్ బల్ల మీదున్నది ఎఫ్‌టీ232ఆర్. రూటర్లకీ ఆర్డినోలకీ సీరియల్ వైర్లు కలిపే బోర్డుల మీద కనిపించే, ఎఫ్‌టీడీఐ కంపెనీ యూఎస్‌బీ చిప్ అన్నమాట. ఇక్కడ డాలస్‌లో కొన్నా, మన కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా పని ఒకటే. దీని లోపల 128 బైట్ల ఈఈప్రామ్, అంటే కరెంటు తీసేసినా చెరగని చిన్న మెమరీ, ఉంటుంది. పేరు, సీరియల్ నంబరు, ఎంత కరెంటు అడగాలి, ఏ పిన్ను ఏం చెయ్యాలి, అన్నీ అందులోనే.

ఉబుంటులో ఎఫ్‌టీడీఐ-ఈఈప్రామ్ ప్యాకేజీ వేసుకోండి, ఈ మెమరీని చదివే ప్రోగ్రాము అందులోనే ఉంటుంది. ముందు ఎల్ఎస్‌యూఎస్‌బీ (తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపించే కమాండు) కొడితే 0403:6001 కనిపించాలి. ముందుది తయారీదారు నంబరు (వెండర్ ఐడీ), తర్వాతది ప్రోడక్ట్ ఐడీ. తర్వాత ఒక చిన్న కాన్ఫిగ్ ఫైలు: వెండర్ ఐడీ, ప్రోడక్ట్ ఐడీ, ఫైల్‌నేమ్, మూడే లైన్లు. ఫైల్‌నేమ్ మర్చిపోతే చదువుతుంది గానీ ఎక్కడా దాచదు.

ఇప్పుడు ఆ ప్యాకేజీలోని కమాండు. సుడోతో నడపండి, లేదా యూడెవ్ రూల్ (మామూలు యూజర్‌కి ఆ పరికరం వాడే అనుమతిచ్చే సెట్టింగ్) రాసుకోండి. లేకపోతే పర్మిషన్ దగ్గరే ఆగిపోతుంది. రీడ్-ఈఈప్రామ్ ఆప్షన్ మాత్రం వదలొద్దండీ! అది లేకుండా నడిపితే చిప్ జోలికే పోదు. కాన్ఫిగ్‌ని బట్టి తనే ఒక ఇమేజ్ తయారుచేసి అదే ఫైల్లో రాసేస్తుంది. మీరేమో దాన్నే బ్యాకప్ అనుకుంటారు. అందుకే చదవగానే ఆ ఫైలుని వేరే పేరుతో కాపీ చేసి పెట్టుకోండి.

చదివాక టీటీవైయూఎస్‌బీ0 (లినక్స్‌లో ఈ సీరియల్ పోర్టు పేరు) మాయమైతే కంగారు పడకండి. ప్రోగ్రాము కర్నెల్ డ్రైవర్ని పక్కకి నెట్టింది, అంతే. పీకి మళ్లీ పెట్టండి, వచ్చేస్తుంది.

ఫైలుని ఎక్స్‌ఎక్స్‌డీలో (బైట్లని హెక్స్ అంకెల్లో చూపించే టూల్) తెరిస్తే, మొదటి రెండు బైట్లు దాటాక 03 04 01 60. అదే 0403:6001, ప్రతి నంబరులో కుడివైపు బైటు ముందు వస్తుంది. లెక్క సున్నా నుంచి మొదలెడితే ఎంత కరెంటు అడగాలో చెప్పే 9వ బైటులో హెక్స్‌లో 2డీ, అంటే మామూలు లెక్కలో 45. రెండేసి మిల్లీఆంప్స్ లెక్కన 90. ఫ్యాక్టరీ విలువ అదే. కింద పేరులో ప్రతి అక్షరం పక్కనా 00 ఉంటుంది. పాడవలేదండీ, అది యూటీఎఫ్-16, అంటే ఇక్కడ ఒక్కో అక్షరానికి రెండు బైట్లు. చివరి రెండు బైట్లు చెక్‌సమ్, అంటే మిగతా బైట్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే లెక్క. హెక్స్ ఎడిటర్లో ఒక్క అక్షరం మార్చినా అది తప్పుతుంది, కాబట్టి మార్పులు కాన్ఫిగ్‌లోనే చెయ్యండి.

ఎల్ఎస్‌యూఎస్‌బీలో 0403:0000 వచ్చిందా? బోర్డు మీద నకిలీ చిప్ ఉందని అనుమానించండి. 2014లో వచ్చిన ఎఫ్‌టీడీఐ విండోస్ డ్రైవరు నకిలీల ప్రోడక్ట్ ఐడీని సున్నా చేసేసేది. అలాంటప్పుడు కాన్ఫిగ్‌లో ప్రోడక్ట్ ఐడీ దగ్గర సున్నా పెట్టి చదవండి.