రక్తపరీక్ష రిపోర్టును చదవడం ఎలా?
(భీమవరంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ల్యాబు నుంచి రిపోర్టు చేతికి రాగానే మనలో చాలామంది ముదురు అక్షరాల్లో పడిన అంకె కోసం వెతుకుతాం. ఉంటే కంగారు పడతాం, లేకపోతే కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తాం. రక్తపరీక్షలే వృత్తిగా ఉన్నవాడిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: రిపోర్టులోని ఏ అంకెనూ విడిగా చదవకూడదు, పక్క అంకెతోనూ, మనిషితోనూ కలిపి చదవాలి.

అందరికీ తెలిసిన సీబీసీతో, అంటే రక్తకణాల లెక్కతో మొదలుపెడతాను. ఊదారంగు మూత ఉన్న చిన్న గొట్టంలోకి రక్తం తీసి, అందులోని గడ్డకట్టనివ్వని మందు బాగా కలిసేలా మెల్లగా తలకిందులు చేస్తూ కలిపి, యంత్రానికి అందిస్తాం. ఒక మైక్రోలీటరు రక్తంలో తెల్ల కణాలు సాధారణంగా నాలుగు వేల నుంచి పదకొండు వేల వరకు, ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల వరకు ఉంటాయి. హిమోగ్లోబిన్ డెసిలీటరుకు మగవారిలో 13, ఆడవారిలో 12, గర్భిణుల్లో 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాం.

అయితే "ఒంట్లో రక్తం తక్కువగా ఉంది" అనే మాట జ్వరం వచ్చిందనడం లాంటిదే. అది లక్షణమే తప్ప కారణం కాదు. కారణం వెతకడానికి పనికొచ్చే అంకె హిమోగ్లోబిన్‌కు నాలుగైదు వరసల కింద ఎవరూ చూడని చోట ఉంటుంది. దాని పేరు ఎంసీవీ, అంటే ఎర్ర కణం సగటు పరిమాణం. అది 80 నుంచి 100 మధ్య ఉండాలి.

ఊడుపుల పనికి వెళ్లే ఒక తల్లి రిపోర్టు ఇలా ఉందనుకుందాం: హిమోగ్లోబిన్ 7.4, ఎంసీవీ 66, తెల్ల కణాల్లో ఇసినోఫిల్స్ 14 శాతం. మొదటి అంకె ఒక్కటే చూసినవారు బలం మందు రాసి పంపుతారు. రెండోది కణాలు చిన్నవైపోయాయని, అంటే ఇనుము లోపించి ఉండవచ్చని చెబుతుంది. మూడోది ఆ ఇనుము ఎటు పోతోందో అనుమానించమంటుంది. ఉబ్బసంలో, అలర్జీలో కూడా ఇసినోఫిల్స్ పెరుగుతాయి కానీ, చెప్పుల్లేకుండా తడి నేలలో తిరిగేవారిలో కొంకిపురుగులను ముందుగా తలచుకోవాలి. మట్టిలోని వాటి పిల్లలు పాదాల చర్మం గుండా లోపలికి చేరి, పెద్దవై పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి. మల పరీక్ష చేయించి, పురుగుల మందు ఇచ్చి, నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందేమో కూడా అడిగి, అప్పుడు ఇనుము మాత్రలు వాడితే గుణం నిలుస్తుంది. బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందని నమ్మేవారు మా ఇంట్లోనూ ఉన్నారు. నిజానికి అన్నం తిన్న వెంటనే తాగే టీ మానితే అంతకన్నా మేలు, ఎందుకంటే తిండిలోని ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది.

ఇందుకు భిన్నంగా ఎంసీవీ 100 దాటితే బీ12, ఫోలిక్ ఆమ్లం లోపాలను ముందుగా చూస్తాం. ఫోలిక్ ఆమ్లం పేరెత్తి ఈ ఊళ్లో ఆగకుండా పోలేను. 1895లో ఇక్కడే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపించిన లెడర్లే మందుల కంపెనీ పరిశోధక బృందమే 1945లో దానిని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ పనికి కొనసాగింపుగా వచ్చిన అమినోప్టెరిన్ అనే మందుతో 1948లో సిడ్నీ ఫార్బర్ అనే అమెరికా వైద్యుడు రక్త క్యాన్సరున్న పిల్లల్లో తాత్కాలికంగానైనా జబ్బు తగ్గుముఖం పట్టడం చూపగలిగారు. మన డెల్టాలో బోదకాలుకు పంచిపెట్టిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం నుంచి వచ్చినదే. ఆ జబ్బు సూక్ష్మక్రిములు పగలు ఊపిరితిత్తుల్లో దాగి, రాత్రి పది దాటాక బయటి రక్తంలోకి వస్తాయి. ఇంటింటికీ రాత్రిపూట వచ్చి వేలు పొడిచి రక్తం తీసుకోవడానికి కారణం అదే.

వానాకాలం రాగానే అందరి నోటా ప్లేట్‌లెట్ల మాటే. ఒకసారి జ్వరమేదీ లేని ఒకాయన రక్తంలో మా యంత్రం నలభై వేలే చూపింది. ఇంటిల్లిపాదీ ఏలూరు వెళ్లడానికి కారు మాట్లాడుకున్నారు. గాజుపలక మీద రక్తపు చుక్క పూసి చూస్తే ప్లేట్‌లెట్లు గుత్తులు గుత్తులుగా అతుక్కుని ఉన్నాయి. గొట్టంలోని మందుకు కొందరి రక్తం అలా గుమికూడుతుంది, యంత్రం ఆ గుత్తులను లెక్కలోకి తీసుకోదు. వేరే మందు ఉండే నీలం మూత గొట్టంలో మళ్లీ తీస్తే రెండు లక్షలకు పైగా వచ్చాయి. నిజమైన డెంగీలో సైతం వైద్యులు ప్లేట్‌లెట్లతో పాటు పీసీవీని, అంటే రక్తంలో ఎర్ర కణాల వాటాను గమనిస్తారు. రక్తనాళాల నుంచి నీరు బయటికి జారి రక్తం చిక్కబడితే ఆ అంకె పెరుగుతుంది; ప్రమాదాన్ని చాలాసార్లు ముందుగా చెప్పేది అదే.

ఈఎస్ఆర్ గురించి ఎక్కువ చెప్పను. నిలబెట్టిన గొట్టంలో గంటలో ఎర్ర కణాలు ఎంత కిందికి దిగాయన్న కొలత అది. ఒంట్లో ఎక్కడో వాపు ఉందని చెబుతుందే గాని ఎక్కడో చెప్పదు. షుగరు ఉన్నవారికి తెలిసిన హెచ్‌బీఏ1సీ మాత్రం ఎర్ర కణంతో ముడిపడినదే. ఆ కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి, రెండు మూడు నెలల చక్కెర జాడ దానిలో నిలుస్తుంది. అందువల్లనే ఇనుము లోపం ఉన్నప్పుడు ఆ అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. షుగరు మందు పెంచే ముందు అదే రోజు హిమోగ్లోబిన్ ఎంత ఉందో మీ వైద్యుణ్ణి అడగండి.

మూలనున్న బల్ల మీద మైక్రోస్కోపు, రెండు గాజుపలకలు పెట్టాం. మొదటిది మామూలు రక్తం. అందులో ఎర్ర కణం మధ్య తెల్లటి భాగం కణం వెడల్పులో మూడో వంతు ఉంటుంది. రెండోది ఇనుము లోపించిన రక్తం. కణాలు చిన్నవి, చాలా వాటిలో చుట్టూ సన్నటి ఎర్రని అంచు తప్ప లోపల రంగే లేదు. కళ్లజోడు ఉన్నవారు తీసి చూస్తే తేలికగా కనిపిస్తుంది.