కొనకపోయినా లోపలికి వెళ్లండి

అందరికీ నమస్కారం.

పారిస్ వెళ్లినవాళ్లు ఈఫిల్ టవర్ చూడకుండా రారు. గ్యాలరీస్ లఫాయెట్ అనే పెద్ద షాపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామంది అద్దాల్లోంచి తొంగిచూసి వెళ్లిపోతారు. కొనేది లేనప్పుడు లోపలికెందుకని మొహమాటం. నిజానికి అలాంటి షాపులు పెరిగిందే ఆ మొహమాటాన్ని పోగొట్టి.

ఒకప్పుడు పారిస్ దుకాణాల్లో సరుకు మీద ధర రాసి ఉండేది కాదు, మనిషిని బట్టి చెప్పేవారు. గడప దాటితే ఏదో ఒకటి కొనక తప్పదన్నట్టు ఉండేది. 1852లో అరిస్తీద్ బూసికో బాన్ మార్షే అనే దుకాణంలో భాగస్వామిగా చేరాక, భార్య మార్గెరిత్‌తో కలిసి ఆ తీరు మార్చేశారు. ధర అందరికీ ఒకటే. ఎవరైనా రావచ్చు, తాకి చూడొచ్చు, ఊరికే వెళ్లిపోవచ్చు. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు. ఇదంతా ఆయనొక్కడే కనిపెట్టాడని అనను. కానీ అంత పెద్ద ఎత్తున నడిపి చూపించింది మాత్రం ఆ దంపతులే.

ఆ బాటలో వచ్చిందే గ్యాలరీస్ లఫాయెట్. దాని గాజు గోపురం 1912 నాటిది, ఎత్తు 43 మీటర్లు. రంగుటద్దాలు జాక్ గ్రూబర్ చేసినవి. కింద సెంట్లు, మేకప్ సామాన్ల కౌంటర్లు. అక్కడి జనంలో ఒక పక్కకు నిలబడి తలెత్తండి. బంగారు రంగు ఇనుప చట్రాలు పైకి పోయి ఒకచోట కలుస్తాయి, మధ్యలో అద్దాలు. మబ్బు పట్టి మళ్లీ ఎండ కాస్తే రంగులు కళ్లెదుటే మారతాయి. తర్వాత మూడో అంతస్తుకెళ్లి బాల్కనీలోంచి చూడండి, అద్దాలు ఇంకా దగ్గరగా కనిపిస్తాయి. ఆ బాల్కనీల ఇనుప అల్లిక లూయీ మజొరెల్‌ది. ఆయన చేసిన పెద్ద మెట్లదారిని 1974లో తీసేశారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

పై డాబాకు టికెట్ లేదు. ఎదురుగా ఒపేరా గార్నియే అనే సంగీత నాటకశాల వెనక భాగం, దూరంగా ఈఫిల్ టవర్. 1919 జనవరిలో జూల్ వెద్రిన్ అనే పైలట్ ఈ షాపు కప్పు మీదే విమానం దించాడు! విమానం దెబ్బతింది, ఆయన మాత్రం 25,000 ఫ్రాంకుల బహుమతి గెలిచాడు.

సేల్స్ వాళ్లు ఎదురైతే ముందు మీరే 'బోన్‌జూర్' అనండి. అక్కడ అది మర్యాద. చూడటానికే వచ్చామని చెబితే ఎవరూ ఏమీ అనుకోరు.

ఏమైనా కొంటే మాత్రం పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోండి. యూరోపియన్ యూనియన్ బయట నివసించేవాళ్లకు, కొనుగోలు 100 యూరోలు దాటితే, పన్నులో కొంత వెనక్కి వస్తుంది. ఫారం షాపులోనే ఇస్తారు. ఎయిర్‌పోర్ట్‌లో లగేజీ చెకిన్ చేయకముందే దాన్ని పన్ను వాపసు ఫారాల కోసం పెట్టిన పాబ్లో మెషీన్‌లో స్కాన్ చేయాలి. చివరి నిమిషంలో ఆ క్యూ టెన్షన్ పెడుతుంది, కాస్త ముందే బయల్దేరండి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.